మంచినీళ్ల చెరువూ నా ఎన్నికా

హెల్త్ ఎడ్యుకేటర్ అంటే ఏం పని అని మా అత్తగారు బతికున్నంతకాలం అడుగుతూనే ఉన్నారు. "సూది వెయ్యవు, మందు రాయవు, పురుడు పొయ్యవు. మరి జీతం దేనికమ్మా?" అనేవారు. మాట్లాడినందుకండి అంటే ఒకటే నవ్వు. "ఆ మాత్రం దానికి గవర్నమెంటు దాకా ఎందుకు, నేనూ మాట్లాడతాను, నాకూ ఇమ్మను" అనేవారు. ఆవిడ ప్రశ్న తీసిపారేయదగ్గది కాదు. మాట తప్ప చేతిలో ఏమీ లేని ఉద్యోగం ఇది. ఆ మాటతో ఎంతవరకూ పని జరుగుతుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నదే నేను నేర్చుకున్నదంతా.

ఈమధ్య కొత్తగా చేరినవాళ్లకి శిక్షణ పెట్టి నన్ను పిలిచారు. ఇచ్చింది గంట. సగం శాలువాలకీ పూలగుత్తులకీ పోయింది. మిగతా సగంలో మైకు పనిచెయ్యలేదు. అందుకని రాస్తున్నాను. ప్రమోషన్లు, సీనియారిటీ గొడవలు ఇందులో ఉండవు, అవి మీకు ఎలాగూ ఆఫీసులో తెలుస్తాయి. రిటైరయ్యాక నేను సర్పంచి పదవికి నిలబడిన సంగతి మాత్రం ఉంటుంది. అది ఉద్యోగం కిందకి రాదని మీరనుకోవచ్చు. నా లెక్కలో అదే నా ఉద్యోగంలో ఆఖరి కేసు.

మర్యాదస్తుల మధ్య పని

నా మొదటి పోస్టింగు పోలవరం అవతల కొండ పక్క ఊళ్లలో. అక్కడ నచ్చని మాట చెబితే మొహం మీదే "మేం చెయ్యం" అనేవారు. ఎందుకు చెయ్యరో కూడా చెప్పేవారు. వాదించుకోవడానికి ఏదో ఒకటి దొరికేది. పని కష్టమే గానీ హాయి.

తర్వాత తణుకు పక్కకి, మా అత్తగారి ఊరు కూడా చూసే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికే బదిలీ అయ్యాను. ఇక్కడ ఎవరూ కాదనరు. నీళ్లు కాచి తాగండి అంటే "అలాగేనండి". చేతులు కడుక్కోండి అంటే "తప్పకుండానండి". మీటింగు పెడితే కుర్చీలు నిండిపోయేవి, చప్పట్లు మోగిపోయేవి. ఆరు నెలలు నాకన్నా గొప్ప ఉద్యోగి జిల్లాలో లేదనుకున్నాను. తర్వాత చూస్తే ఒక్క ఇంట్లో ఒక్క అలవాటు కూడా మారలేదు.

ఏ ఇంటికి వెళ్లినా కుర్చీ వేసి, ఫ్యాను తిప్పి, కొబ్బరి బొండం కొట్టి ఇచ్చేవారు. ఒక ఎండాకాలం పక్క ఊళ్లో ఒక రైతు ఇంట్లో బొండాలు అయిపోయాయని కూల్‌డ్రింకు తెప్పించబోయారు. వద్దండి, కాసిని మంచినీళ్లు ఇవ్వండి చాలు అన్నాను. ఆ ఇల్లాలు గాభరాపడిపోయింది.

"అయ్యో, మా నీళ్లు మీరు తాగలేరండి. నీచు వాసనండి."

ఏడాదిగా ఆ ఊరు తిరుగుతున్నాను, ఆ ఊరి నీళ్లు ఒక్కసారీ నా నోట్లో పడలేదు. నాకే కాదు, కారు దిగి వచ్చిన ఏ అధికారికీ ఆ వాసన తెలిసే వీల్లేదు. వచ్చినవాళ్లకి బొండాలు, ఉన్నవాళ్లకి ఆ నీళ్లు. మా వాళ్ల మర్యాదే వాళ్ల జబ్బుని మా కంట పడకుండా దాచేస్తోంది. అప్పటినుంచి ఎవరింటికి వెళ్లినా ఆ ఇంట్లో తాగే నీళ్లే అడిగి తాగాను. కడుపు నొప్పులొచ్చాయి, రెండుసార్లు మంచాన పడ్డాను. అయినా మీకూ అదే చెబుతాను. ఊరి నీళ్లు తాగని వాళ్లు ఆ ఊరి ఆరోగ్యం గురించి మాట్లాడకూడదు. తాగిన ప్రతిచోటా క్లోరిన్ వేశారా అని అడుగుతానని జనం నన్ను క్లోరిన్ మేడం అని వెక్కిరించారు. అదీ ఒక బిరుదే అనుకున్నాను.

ఇద్దరు పైవాళ్లు

ఒక అధికారికి ర్యాలీలంటే ప్రాణం. ఏ దినోత్సవం వచ్చినా బడిపిల్లల చేతికి అట్టముక్కలిచ్చి మిట్టమధ్యాహ్నం ఊరంతా తిప్పేవాడు. ఫోటో బాగా రాలేదని ఒకసారి వెనక్కి పిలిచి మళ్లీ నడిపించాడు. ర్యాలీ వల్ల జబ్బు తగ్గడం నేను నా సర్వీసులో చూడలేదు. ఎండదెబ్బలు మాత్రం చూశాను. మీకూ అలాంటి వాడు తగులుతాడు. ఫోటో తీయించేసి పనిలోకి వెళ్లిపోండి, వాదించి సమయం పాడుచేసుకోకండి.

రెండో ఆయన మా డాక్టరు మూర్తి గారు. కోపిష్టి, మంచి వైద్యుడు. ఆయన దగ్గర నేర్చుకున్నది ఒకటుంది. వీధిలోకి దిగామంటే ఒక్క ఇల్లూ వదలకూడదు. "మనల్ని చూసి తలుపేసుకునే ఇల్లుందే, అక్కడ ఎక్కువసేపు కూర్చోవాలి సుగుణ గారూ. మిగతా ఇళ్లలో మనం వెళ్లకపోయినా నష్టం లేదు" అనేవారు. నేను ఎండలో తిరిగి తిరిగి రెండు ఇళ్లు దాటేసి వస్తే ఎలాగో కనిపెట్టి మళ్లీ పంపేవారు. తిట్టుకుంటూ వెళ్లేదాన్ని.

ఆయన చెప్పిన ఇంకో మాట మాత్రం నేను ఒప్పుకోలేదు. అది కుమారి అనే అమ్మాయి పోయాక అన్నారు.

కుమారి

బయటివాళ్ల కోసం మా అత్తగారి ఊరి చెరువు సంగతి చెప్పాలి. ఎండాకాలం కాలువలు కట్టేస్తారు. కట్టేలోపు ప్రతి ఊరూ తన మంచినీళ్ల చెరువు నింపుకోవాలి. మళ్లీ కాలువ వదిలేదాకా అవే నీళ్లు. చెరువులోంచి ఫిల్టర్ బెడ్లలోకి, అక్కడినుంచి ట్యాంకుకి, ట్యాంకు నుంచి కుళాయిలకి వస్తాయి.

ఆ మంచినీళ్ల చెరువునే మా పంచాయతీ చేపలకి వేలం వేస్తుంది. పాడుకున్నవాడు చేప బలవడానికి కోళ్లపెంటా పేడా వేస్తాడు. గట్టు మీద కాపలా పాకలు లేస్తాయి, వాటికి మరుగుదొడ్లు ఉండవు. ఎన్ని క్లోరిన్ బస్తాలు పోసినా ఆ మురికికే సరిపోతుంది. మరి ఊరు ఎందుకు ఊరుకుంటుంది? ఎందుకంటే ఆ వేలం డబ్బుతోనే అమ్మవారి జాతరకి సంతర్పణ, ఆ డబ్బుతోనే మా చర్చిలో క్రిస్మస్ భోజనాలు. రెండు విందులూ ఒకే చెరువులోంచి వస్తున్నాయి, ఇక కాదనేదెవరు? డబ్బున్న ఇళ్లలో టిన్ను నీళ్లు కొనుక్కుంటారు. పేటలో కూలి కుటుంబాలు కుళాయి నీళ్లు తాగుతాయి.

నాగమణిది పేట. బాపిరాజు గారింట్లో అంట్లు తోమేది. ఆయన పెద్ద రొయ్యల రైతు, మా ఊళ్లో చేపల వేలం నడిపేదీ ఆయనే. నాగమణికి ఒంట్లో బాగోలేని రోజున ఆమె కోడలు కుమారి వెళ్లేది. కుమారికి ఏడో నెల. ఆ వేసవి పేటలో పచ్చకామెర్లు మొదలయ్యాయి. చాలామందికి వచ్చి తగ్గిపోయాయి. నీళ్ల వల్ల వచ్చే ఆ కామెర్లలో ఒక రకం కడుపుతో ఉన్నవాళ్లని మాత్రం వదలదు. కుమారి కళ్లు పచ్చబడ్డాయని నాకు తెలిసేసరికి పసరు మందు పోయించి ఇంట్లో పడుకోబెట్టారు. ఆటో ఎక్కించి పెద్దాసుపత్రికి నేనే తీసుకెళ్లాను. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కలేదు.

నాగమణి నన్ను పట్టుకుని అడిగింది. "మీరు చెప్పినట్టే నీళ్లు కాచే ఇచ్చానండి మేడం గారండి. ఒక్క పూటా మానలేదండి. పనికెళ్లిన చోట ఏం తాగిందో నాకేం తెలుసండి?"

నా మాట వినకపోతే జబ్బు వస్తుందని అంతకుముందు ఊరూరా చెప్పాను. వీళ్లు విన్నారు. విన్నా పోయింది. ఇంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు. పొయ్యి దగ్గర బాగుచెయ్యలేని నీళ్లని చెరువు దగ్గరే బాగుచెయ్యాలి. పంచాయతీకి వెళ్లి వేలం ఆపమన్నాను. కాఫీ ఇచ్చి అలాగేనండి అన్నారు. గడువు తీరగానే మళ్లీ వేలం వేశారు. మూర్తి గారితో చెప్పుకుంటే ఆయన తల దించుకునే అన్నారు.

"మనం చెప్పేవాళ్లం సుగుణ గారూ. చేసేవాళ్లు వేరే."

అయితే రిటైరయ్యాక ఆ వేరేవాళ్లలో నేనూ ఉంటాను అన్నాను. నవ్వారు. నేను నవ్వలేదు.

కత్తెర గుర్తు

నేను రిటైరయ్యాక వచ్చిన ఎన్నికల్లో మా సర్పంచి స్థానం ఆడవాళ్లకి వచ్చింది. నామినేషను వేశాను. గుర్తులు కేటాయిస్తే నాకు కత్తెర వచ్చింది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల కోసం ఊళ్లో మగవాళ్ల వెంట ఏళ్ల తరబడి పడ్డ మనిషికి కత్తెర! ఊరు ఊరంతా వారం రోజులు నవ్వుకుంది. వరి చేల దగ్గరికి వెళితే ఒక పెద్దమనిషి గట్టు మీదనుంచి కేకేశాడు.

"మళ్లీ కత్తెర పట్టుకొచ్చారేంటండి మేడం గారండి? మాకు అయిపోయిందండి!"

"ఈసారి మీక్కాదు లెండి, చెరువు గట్టు మీద పాకలకి" అన్నాను.

నా మీద పోటీ బాపిరాజు గారి భార్య లక్ష్మీకాంతం గారు. కరపత్రం మీద ఆయన ఫోటో అరచేయంత, ఆవిడది బొటనవేలంత. "బాపిరాజు గారు నిలబడ్డారు" అనే అనేవారు అందరూ. చేపల వేలం ఎన్నికల కోసం ఆగింది. ఎవరు గెలిస్తే వాళ్ల చేతుల మీదుగా జరగాలి.

మా మరిది ప్రభుదాసు నాతో తిరిగాడు. చర్చి కోశాధికారి అతను. మొదటి రోజే చెప్పాడు.

"వదినా, మీకు దండం పెడతాను, ఆ చేపల ఊసు మాత్రం ఎత్తకండి. గెలిచాక ఆపేద్దురుగాని."

"చెప్పకుండా గెలిచి ఆపితే మోసం అంటారు ప్రభుదాసూ. చెప్పే అడుగుతాను."

పేటలో మీటింగు పెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. వేలం ఆపుతాను, ఆ డబ్బు రాదు, విందులకి మనమే చందాలు వేసుకోవాలి అన్నాను. ఒక ముసలాయన లేచాడు.

"అయితే క్రిస్మస్‌కి కోడిమాంసం ఉండదాండి?"

"ఈ డబ్బుతో ఉండదండి."

"అలాగేనండి" అని కూర్చున్నాడు. ఆ ఓటు పోయిందని నాకు అప్పుడే తెలిసిపోయింది.

మీటింగయ్యాక నాగమణి నా వెనకే వచ్చింది. "మా దేవి పురిటికొచ్చిందండి. ఎండల్లోనే నీళ్లాడేదండి. మీరు గెలిస్తే ఈ వేసవికే ఆపుతారాండి, పై ఏడాదా?" అని అడిగింది. దేవి ఆమె కూతురు. ఈ వేసవికే అన్నాను. ఆ తర్వాత నేను అడిగిన ప్రతి ఓటూ దేవి కోసమే అడిగాను. సర్పంచి కుర్చీ మీద నాకు అంత మోజేం లేదు.

ఒక్క ఇల్లూ వదలకుండా

ప్రచారం బాపిరాజు గారి వీధిలోకి వచ్చింది. ఆయన గేటు దగ్గర ప్రభుదాసు నా చెయ్యి పట్టుకున్నాడు. "ఈ ఇల్లు వదిలేద్దాం వదినా. నవ్వుతారు." నవ్వనీ అని లోపలికి నడిచాను. ఇన్నేళ్లూ వదలకుండా తిరిగి ఇప్పుడు ఒక ఇల్లు వదిలేస్తే నాకు అన్నం సయించదు.

బాపిరాజు గారు ఎదురొచ్చారు. మర్యాదలో ఆయనకి వంక పెట్టలేం. కుర్చీలు వేయించారు, కాఫీ తెమ్మన్నారు.

"మా ఇంటికే ఓటడగడానికొచ్చారాండి! మీ ధైర్యానికి దండం పెట్టాలండి."

"మిమ్మల్ని కాదండి, లక్ష్మీకాంతం గారిని అడుగుతాను."

ఆయన పగలబడి నవ్వారు. "కాంతం, ఇలా రా. మేడం గారు నిన్ను ఓటడుగుతారట, నీ మీదే!"

ఆవిడ తడిచేతులు పమిటకి తుడుచుకుంటూ వచ్చారు. అన్ని ఇళ్లలో ఎలా చెప్పానో అలాగే చెప్పాను. పెంట గురించి, పాకల గురించి, క్లోరిన్ ఎందుకు పనిచెయ్యదో, కడుపుతో ఉన్నవాళ్లకి ఆ కామెర్లు ఏం చేస్తాయో. బాపిరాజు గారు పక్కనే ఉన్నారని గొంతు తగ్గించలేదు. ఆవిడ నేలకేసి చూస్తూ విన్నారు. చివరికి ఒక్కటే అడిగారు.

"కుమారి పోయింది ఆ నీళ్ల వల్లేనాండి? ఏదో గాలి సోకిందన్నారు."

"గాలి కాదండి. నీళ్లే."

"మా పెరట్లో కుళాయి దగ్గరే తాగేదండి ఆ పిల్ల" అన్నారావిడ మెల్లగా. "అంట్లు తోమి అక్కడే దోసిలి పట్టేది. టిన్ను లోపల ఉంటుంది కదండీ. తీసుకోమని నేనెప్పుడూ అనలేదు."

"పాత సంగతులెందుకులే కాంతం, కాఫీ సంగతి చూడు" అన్నారు బాపిరాజు గారు. ఆవిడ లోపలికి వెళ్లిపోయారు. మళ్లీ బయటికి రాలేదు. కాఫీ వేరే ఎవరో తెచ్చారు.

ఓటమి

ఓడిపోయాను. కొద్దిలో పోయింది అని చెప్పుకోవడానికి కూడా లేదు, బాగానే ఓడిపోయాను. పేటలో సైతం సగానికి పైగా అటు వేశారు. వాళ్లని తప్పుపట్టను. జబ్బు వస్తుందో రాదో తెలియదు, క్రిస్మస్ మాత్రం వచ్చి తీరుతుంది. ఏడాదికి ఒక్కరోజు పిల్లలు కడుపారా మాంసం తింటారు, దాన్ని తీసేస్తానన్న మనిషికి ఓటెందుకు వేస్తారు? విందు ఎలా జరుగుతుందో ముందు తేల్చి ఆ తర్వాత వేలం ఆపుతానని చెప్పాల్సింది. ఇది మీరు రాసి పెట్టుకోండి. ఒకరి చేతిలోది తీసేటప్పుడు దాని బదులు ఏమిస్తారో చూపించకుండా నోరు విప్పకూడదు.

నేను నిలబడినందుకు మాత్రం సిగ్గుపడలేదు. నాగమణి ఇంటికి వెళ్లడానికే మొహం చెల్లలేదు, అయినా వెళ్లాను. "ఇప్పుడేంటండి మరి?" అంది గుమ్మంలోనే. దేవిని కాచిన నీళ్లే తాగమను, ఎక్కడికి వెళ్లినా సీసా పట్టుకెళ్లమను అన్నాను. కుమారి ఉన్నప్పుడు నేను చెప్పిన మాటే మళ్లీ చెబుతున్నాను. ఆ మాట నోట్లోంచి వస్తుంటే నా మీద నాకే ఒళ్లు మండింది.

వేలం రోజు

పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. బజ్జీలు, టీలు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి చేపల వ్యాపారులు వచ్చారు. నేనూ వెళ్లి వెనక కూర్చున్నాను, నాగమణి నా పక్కన. సర్పంచి కుర్చీలో లక్ష్మీకాంతం గారు, ఆవిడ పక్కన కుర్చీలో బాపిరాజు గారు. సెక్రటరీ షరతులన్నీ చదివి, రివాజుగా అడిగాడు.

"సర్పంచి గారు అనుమతిస్తే పాట మొదలెడదామండి."

ఆవిడ లేచి నిలబడ్డారు. "లేదండి. మంచినీళ్ల చెరువుకి ఈ ఏడు పాట లేదు. ఇక మీదట కూడా లేదు."

బజ్జీలు తినేవాళ్లు తినడం ఆపేశారు. బాపిరాజు గారు ఆవిడ కొంగు పట్టి లాగినంత పని చేశారు.

"ఏంటి కాంతం ఇది? కూర్చో. ఎవరు చెప్పారు నీకిదంతా?"

"ఓడిపోయినావిడ చెప్పారండి. మనింటికొచ్చి, మీ ముందే చెప్పారు. మీరు నవ్వుతున్నారు, నేను విన్నాను."

జాతర కమిటీ పెద్ద లేచాడు. "బాగుందమ్మా. మరి సంతర్పణ మాటేంటి? చర్చిలో భోజనాల మాటేంటి?"

"రెండూ మా ఇంటి ఖర్చేనండి" అన్నారు ఆవిడ. "మా రొయ్యల చెరువుల మీద పెట్టుకుంటాం. ఏటా పెడతాం. మా వారు ఎప్పటినుంచో అనుకుంటున్నారు, ఇవాళ చెప్పమన్నారు."

ఎప్పటినుంచో అనుకోవడం బాపిరాజు గారికే కొత్త. అప్పటికే చప్పట్లు మొదలయ్యాయి. మా ప్రభుదాసు అందరికన్నా ముందు లేచి కొట్టాడు. ఊరి మధ్య, పొరుగూరి వ్యాపారుల ముందు, నేను అన్నం పెట్టను అని ఏ గోదావరి మనిషి అనగలడు? బాపిరాజు గారు లేచి రెండు చేతులూ జోడించారు.

"అందరూ రావాలండి. కుటుంబాలతో రావాలి" అన్నారు.

వార్డు మెంబర్లలో ఎక్కువమంది ఆయన మనుషులే. ఆయనే ఒప్పుకున్నాక వాళ్లకి కాదనే పనేముంది? తీర్మానం అక్కడికక్కడే అయిపోయింది. నాగమణి నా చెయ్యి నలిగిపోయేలా పట్టుకుంది. నేను అందరి ముందూ ఏడ్చేశాను, ఏమీ దాచుకోలేదు.

మర్నాడు పొద్దున్నే లక్ష్మీకాంతం గారు ఫోను చేశారు. "ఆపడం వరకే నాకు తెలిసిందండి సుగుణ గారూ. ఇప్పుడేం చెయ్యాలో మీరొచ్చి చెప్పాలి." వెళ్లాను. ఇద్దరం గట్టంతా నడిచాం. పాకలు తీయించాం, చెరువు ఎండగట్టి బురద తోడించాం, ఫిల్టర్ బెడ్లలో కొత్త ఇసుక పోయించాం. కాలువ కట్టేలోపు చెరువు నిండుతుందా లేదా అని ఇద్దరికీ నిద్రల్లేవు. ఆఖరి తడికి నిండింది. మొదటిసారి కుళాయి తిప్పినరోజు బాపిరాజు గారే వచ్చి ఒక గ్లాసు తాగి, పర్లేదండి అన్నారు. పాపం, ఆయన ఆ ఏడు పెట్టిన సంతర్పణలో గారెలు కూడా చాలా బాగున్నాయి.

రోహిణి ఎండల్లో దేవికి ఆడపిల్ల పుట్టింది. పేటలో ఎవరి కళ్లూ పచ్చబడలేదు. తణుకు ఆసుపత్రిలో పిల్లని నా చేతుల్లో పెట్టి నాగమణి, "ఎత్తుకోండి, మీరూ ఒక చెయ్యేశారు కదండీ" అంది. పక్క మంచం దగ్గర లక్ష్మీకాంతం గారు క్యారియరు విప్పుతూ ఉన్నారు.

మూర్తి గారు ఇప్పుడు లేరు. ఉంటే ఆయనతో చెప్పేదాన్ని. చెప్పేవాళ్లూ చేసేవాళ్లూ వేరే వేరే అయితే అవ్వచ్చు గానీ, ఎవరు చేస్తారో చెప్పేటప్పుడు మనకి తెలియదండీ, అందుకే అందరికీ చెప్పాలి అని. మీకు నా దగ్గరున్నది ఇంతే.

మొన్న ఆదివారం చర్చి నుంచి వస్తుంటే ప్రభుదాసు అడిగాడు. "వచ్చేసారి మళ్లీ నిలబడతారా వదినా? ఈసారి గెలుస్తారు."

"నిలబడను. నా ఓటు లక్ష్మీకాంతం గారికి" అన్నాను.